పాఠకులు తలో మాట అంటున్నారు, ఎవరి మాట వినాలి? (సొంతంగా వేసుకున్న హైదరాబాద్ ఫాంటసీ నవల గురించి)

మీ ప్రశ్న ఇదీ. హైదరాబాద్‌లో జరిగే అర్బన్ ఫాంటసీ నవల, అంటే నిజమైన నగరంలో మాయలు జరిగే కథ, ఒకటి రాశారు. పబ్లిషర్ల చుట్టూ తిరగకుండా సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, ఈ-బుక్ కూడా పెట్టారు. కథాకాలం 2019 ఆషాఢం. రాయదుర్గంలో నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయికి మెట్రో సొరంగంలో ఒక జిన్ను ఎదురవుతాడు. అక్కణ్నుంచి కథ బోనాల మీదుగా మూసీ వరద కాలం దాకా పోతుంది. ఇప్పుడు పాఠకులు తలో రకంగా అంటున్నారు: "మొదట్లో సాగదీశారు", "మన మెట్రోకి సొరంగం ఎక్కడిది?", "మహిమలకు లెక్కాపత్రం లేదు", "భయం వేయలేదు", "ఇంగ్లీషు నవల అనువాదం చదివినట్టుంది", "దక్కనీ (హైదరాబాదీ ఉర్దూ) మాటలు అర్థం కాలేదు". ఇక చుట్టాలూ స్నేహితులూ అయితే "సూపర్, 5 స్టార్స్". వీటిలో దేన్ని పట్టించుకోవాలి, నవల మళ్లీ రాయాలా, వీళ్లకు జవాబివ్వాలా, రెండో భాగం మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఊరి గురించి పట్టుకున్న తప్పులన్నీ మారుమాట లేకుండా దిద్దండి. "మహిమలకు లెక్క లేదు" అన్న మాట మీద కూర్చుని పని చేయండి. "భయం వేయలేదు" అన్నది మీ అట్టకు తగిలే మాట, నవలకు కాదు. దక్కనీని తీసేయకండి. ఎవరికీ జవాబివ్వకండి. మొత్తం మళ్లీ రాయాల్సిన పని లేదు.

నేను వారపత్రిక డెస్కులో ప్రూఫులు దిద్దుతూ మొదలుపెట్టినవాణ్ణి. ఇప్పుడు సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ల రాతప్రతులు చదివి, దిద్ది పెడుతుంటాను. వాటిలో ఈమధ్య జిన్నులు, యక్షిణులు, ఐటీ కారిడార్‌లో తిరిగే దెయ్యాలు బాగా పెరిగాయి. మీ ఈ-బుక్‌లో ఉచితంగా ఇచ్చిన మొదటి నాలుగు అధ్యాయాలు చదివాకే ఇది రాస్తున్నాను.

సొరంగంతో మొదలుపెడదాం, ఎందుకంటే మీకు వచ్చిన అభిప్రాయాల్లో అన్నిటికంటే విలువైనది అదే. మీరు దాన్ని "చిన్న టెక్నికల్ పాయింట్" అని కొట్టిపారేశారు. రాజకుమారుడు, రాక్షసుడు ఉన్న జానపద కథలో ఏ ఊరికి ఏ బస్సు వెళుతుందని ఎవరూ అడగరు. అక్కడ ఊరు కూడా కల్పితమే. అర్బన్ ఫాంటసీలో పాఠకుడి బేరం వేరు. నాకు తెలిసిన ఊరిని నాకు తెలిసినట్టే చూపించు, అప్పుడు నువ్వు చెప్పే ఒక్క అబద్ధాన్నీ నమ్ముతాను అంటాడు. హైదరాబాద్ మెట్రో మొత్తం స్తంభాల మీదే నడుస్తుందని రోజూ ఎక్కి దిగేవాడికి తెలుసు. కాబట్టి రెండో పేజీలోనే "సొరంగంలోకి దూసుకుపోయిన రైలు" అన్నారంటే, జిన్ను రాకముందే ఆ పాఠకుడు మిమ్మల్ని నమ్మడం మానేశాడు. ఆ తర్వాత జిన్ను ఎంత బాగా మాట్లాడినా ఏం లాభం?

ఇంకో రెండున్నాయి, వాటిని మీ పాఠకులు ఇంకా పట్టుకోలేదు. రాయదుర్గం స్టేషన్ తెరిచింది 2019 నవంబరు చివర్లో. మీ కథ జరిగే ఆషాఢానికి రైలు హైటెక్ సిటీ దాకానే వచ్చేది. పైగా మీ అమ్మాయి తెల్లవారుజామున మూడింటికి షిఫ్టు దిగి మెట్రో ఎక్కుతుంది. ఆ వేళకు మెట్రో ఎక్కడ నడుస్తోంది? ఆ టైమ్‌లో ఇంటికెళ్లే ఆడపిల్లలకు కంపెనీ క్యాబ్ ఉంటుంది, అందులో ముందు సీట్లో కునుకుతూ గార్డు ఉంటాడు.

ఇవన్నీ దిద్దమంటే సొరంగం తీసేయమని కాదు. సొరంగం ఉండనివ్వండి, కానీ అది అక్కడ ఉండకూడదని ముందు మీ అమ్మాయికి తెలియాలి. ఆ రాత్రి మూడింటికి రావాల్సిన క్యాబ్ రాదు. రోడ్డు మీద నిలబడితే మూసేసిన హైటెక్ సిటీ స్టేషన్‌లో లైట్లు వెలుగుతుంటాయి. పైకి వెళితే రైలు నిలబడి ఉంటుంది. ఎక్కి కూర్చుంటుంది. అమీర్‌పేట వచ్చేసరికి కిటికీలోంచి రెండో అంతస్తు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు కనపడాలి. వాటికి బదులు తడి మట్టిగోడ, అందులోంచి పొడుచుకొచ్చిన వేళ్లు కనపడతాయి. "మనకు అండర్‌గ్రౌండ్ లేదు కదా" అని ఆ పిల్ల అనుకోవాలి. పాఠకుడు ఎత్తిచూపిన మాటనే ఆమె నోట పెట్టారనుకోండి, అదే పాఠకుడు ఆమె పక్క సీట్లో వచ్చి కూర్చుంటాడు. రాయాల్సింది రెండు పేజీలు, అంతే.

"ఇంగ్లీషు నవల అనువాదంలా ఉంది" అన్నది కూడా ఈ సొరంగంలోంచే వచ్చింది. అన్న మనిషి కారణం చెప్పలేకపోయాడు, మీరేమో వాక్యాల గురించి అనుకుని బాధపడ్డారు. మీ వాక్యాలు బాగానే ఉన్నాయి. లండన్, న్యూయార్క్ కథల్లో మాయంతా భూగర్భ రైళ్లలో, మురుగు కాలువల్లో ఉంటుంది. అది వాళ్ల ఊళ్ల స్వభావం. మన ఊరి కింద ఏముందో చూడండి. మెట్ల బావులున్నాయి. బన్సీలాల్‌పేట బావి చెత్తతో పూడిపోయి, తవ్వి బాగుచేసి 2022లో తెరిచేదాకా చుట్టుపక్కల వాళ్లలో చాలామందికి అక్కడో బావి ఉందనే తెలియదు. చార్మినార్ నుంచి గోల్కొండకు రహస్య సొరంగం ఉందని నాయనమ్మలు చెప్పని ఇల్లు పాతబస్తీలో ఉందా? గచ్చిబౌలి వైపు వెళితే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్లు, వాటిని పగలగొట్టి లేచిన టవర్లు. వందల ఏళ్లుగా ఒక బండ కింద పడుకున్న జిన్నుకు, ఆ బండను పేల్చేసి కట్టిన ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేసే పిల్లకు గొడవ పెట్టుకోవడానికి వేరే కారణం వెతకాలా?

మూసీ వరద భాగం నేను చదవలేదు, కానీ ముందే ఒక హెచ్చరిక. ఇలాగే వరద నేపథ్యంతో ఒకాయన రాసిన నవల నా దగ్గరకు వచ్చింది. అందులో 1908 సెప్టెంబరు 28న నాయకుడి ముత్తాత "ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు" ఎక్కి బతుకుతాడు. చెట్టు నిజం. ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని ఊరంతా చెప్పుకుంటుంది. కానీ 1908లో గద్దె మీద ఉన్నది మహబూబ్ అలీఖాన్. ఉస్మాన్ అలీఖాన్ వచ్చింది 1911లో. అప్పటికి అక్కడున్నది అఫ్జల్‌గంజ్ దవాఖానా, ఉస్మానియా పేరు ఆ తర్వాతి సంగతి. అదే నవలలో ముత్తాత వరదకు ముందు ఉస్మాన్ సాగర్ గట్టున షికారు కూడా చేశాడు! ఆ చెరువు కట్టిందే ఈ వరద దెబ్బకు, మళ్లీ అలాంటిది రాకుండా. 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ ఇంకా తర్వాత. గౌలిగూడలో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన చేత రాతప్రతి చదివిస్తే, ఆయన పెన్సిల్‌తో పక్కన రాసిన మొదటి మాట: "బాబూ, ఈ చెరువు అప్పటికి లేదు". జిన్ను గురించి ఒక్క అభ్యంతరం పెట్టలేదాయన. నది ఏ ఒడ్డున ఏముందో, హైకోర్టు ఎటు, దవాఖానా ఎటు అన్నది మాత్రం పేజీ పేజీకీ చూశాడు.

బోనాల విషయంలోనూ అంతే. ముందు గోల్కొండ, తర్వాత లష్కర్ (సికింద్రాబాద్), ఆపైన లాల్‌దర్వాజ. రంగం, అంటే అమ్మవారి భవిష్యవాణి చెప్పడం, బోనాల మర్నాడు, సోమవారం. భవిష్యవాణి చెప్పే ఆమె నిలబడేది పచ్చికుండ మీద. ఒక రచయిత్రి ఆదివారం రాత్రే రంగం చెప్పించేసి, కథ మొత్తాన్ని ఆ రాత్రికి కట్టేసింది. మార్చమంటే మొదట ఒప్పుకోలేదు. మార్చాక ఆదివారం నుంచి సోమవారం దాకా ఆ ఒక్క రాత్రి ఎదురుచూపే నవలలో అన్నిటికంటే గట్టి అధ్యాయమైంది. ఊరి కట్టుబాట్లు కథకు అడ్డమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అవే కథకు పని పెడతాయి.

ఇక మహిమల లెక్క. మీ రెండో అధ్యాయంలో ఆ అమ్మాయి అమ్మమ్మ నేర్పిన మాట అనగానే ఆఫీసులో యాక్సెస్ కార్డు లేకుండా సర్వర్ గది తలుపు తెరుచుకుంటుంది. మంచి సీను. నాలుగో అధ్యాయంలో అదే అమ్మాయి లిఫ్టులో ఇరుక్కుని రెండు పేజీలు కేకలు పెడుతుంది, ఆ మాట గుర్తే రాదు. చదివేవాడికి గుర్తొస్తుంది మరి! అదే వాళ్లు లెక్క లేదంటున్నది. దీనికోసం ఎక్కడో విదేశీ రచనా పాఠాల్లో చెప్పే మ్యాజిక్ సిస్టమ్ పటం గీసుకోనక్కర్లేదు. హిరణ్యకశిపుడి వరం చూడండి. ఇంట్లో కాదు బయట కాదు, పగలు కాదు రాత్రి కాదు, మనిషి కాదు మృగం కాదు. వరం ఇచ్చేటప్పుడే సందు కూడా ఇచ్చారు. ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడిదీ అదే వ్యవహారం. మన పాఠకుడు ఈ లెక్కలోనే పెరిగాడు. ఎంత శక్తి ఇచ్చినా అభ్యంతరం చెప్పడు, ఎక్కడ పనిచేయదో చెప్పమంటాడు.

మీ నవలకు ఒక దారి: అమ్మమ్మ మాట గడప ఉన్న తలుపుకే పనిచేస్తుందనండి. ఆఫీసులో ఆ సర్వర్ గదికి గడప ఉంది, లిఫ్టుకు లేదు. ఒక్క వాక్యం రెండో అధ్యాయంలో, ఒక్క వాక్యం నాలుగులో. నచ్చకపోతే ఇంకో షరతు పెట్టుకోండి. కానీ షరతు అవసరం రాకముందే పాఠకుడికి తెలిసి ఉండాలి. ఇరుక్కున్నాక చెబితే సాకులా వినపడుతుంది.

"మొదట్లో సాగదీశారు" అన్నదానికి నేనైతే వెంటనే కత్తెర పట్టుకోను. అన్నవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే, ఎందుకని అడక్కుండా, ఏ పేజీలో పుస్తకం పక్కన పెట్టారని మాత్రం అడగండి. కారణాలు అడిగితే జనం మర్యాదకు ఏదో కల్పించి చెబుతారు, పేజీ మాత్రం నిజం చెబుతారు. నేను పందెం కాస్తాను, అది మూడో అధ్యాయమే. జిన్ను మాయమైన మరుక్షణం మీరు కులీ కుతుబ్ షా దగ్గర మొదలుపెట్టి, 1591, చార్మినార్, పురానాపూల్ అంటూ ఆరు పేజీల చరిత్ర చెప్పారు. ఆ పేజీలు తీసేయండి. జిన్నుకు ఆ కాలం తెలుసు కాబట్టి, పురానాపూల్ మీద ట్రాఫిక్ చూసి వాడు ఏదైనా ఒక్క మాట అంటే చాలు.

"భయం వేయలేదు" గురించి. మీ అట్ట మీద పుర్రె, నిమ్మకాయలు, కుంకుమ చల్లిన ముగ్గు ఉన్నాయి. వెనక అట్ట మీద "రాత్రిపూట ఒంటరిగా చదవకండి" అని వేశారు. ఎనభైల్లో వారపత్రికల్లో చేతబడి సీరియల్స్ చదివి పెరిగిన తరానికి అది ఫలానా రకం పుస్తకమని గట్టి మాట ఇవ్వడమే. కొన్నారు, లోపల సరదాగా గొడవపడే జిన్ను దొరికాడు. కోప్పడరా మరి? డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కు వెళ్లినప్పుడు ఏదైనా స్టాల్ పక్కన అరగంట నిలబడి చూడండి. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడు అట్ట చూస్తాడు, తిప్పి వెనక చదువుతాడు, తర్వాత ధర, ఆ తర్వాతే మొదటి పేజీ. మీ అసలు పాఠకులు, పాతికేళ్ల లోపు పిల్లలు, ఆ పుర్రెను చూసి "ఇది నాన్న చదివే పుస్తకం" అనుకుని పక్కకు పోతున్నారు. అట్ట మార్చండి, వెనక ఉన్న ఆ వాక్యం తీసేయండి.

దక్కనీ మాటలు ఉంచండి. కోస్తా పాఠకులు కొందరికి అందకపోవచ్చు, కానీ అఫ్జల్‌గంజ్ ఆటో అబ్బాయి పత్రికా తెలుగులో మాట్లాడితే ఇక్కడివాళ్లు నవ్వుతారు. అడుగున అర్థాలు కూడా వేయకండి. "నక్కో అమ్మా, ఉధర్ నై జాతా" అని వాడంటే, "ఎందుకు రావు? మీటర్ మీద ఇరవై ఎక్కువిస్తా" అని ఆమె అననివ్వండి. కాకినాడలో చదివేవాడికీ సంగతి తెలిసిపోతుంది.

ఒక పాఠకురాలు "అమ్మవారు జిన్నుతో హాస్యాలాడటం బాగోలేదు" అన్నారని రాశారు. దీన్ని సంఖ్యతో కొలవకండి, ఒక్కరే అన్నారని వదిలేయకండి. అలాగని భయపడి సీను చింపేయకండి. ఏటా బోనం ఎత్తే కుటుంబంలోంచి ఒకరికి, దర్గాకు వెళ్లే ఇంట్లోంచి ఒకరికి ఆ నాలుగు పేజీలిచ్చి చదివించండి. నేను ఇలాంటివి చదివించినప్పుడు అభ్యంతరం ఎక్కువగా ఒక పిలుపు దగ్గరో, కాళ్లూ చేతులూ పెట్టిన తీరు దగ్గరో తేలింది. దేవత నవ్వడం దగ్గర ఎవరూ ఆగలేదు. మన అమ్మవార్లు పూనకంలో తిట్టే తిట్లు విన్నవాళ్లకు అదేం కొత్త?

మీరు చెప్పలేదు గానీ ఈ-బుక్‌లో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. అచ్చు పుస్తకానికి డీటీపీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేయించి, ఆ ఫైలునే యూనికోడ్‌లోకి మార్చినట్టున్నారు. ఒత్తులు పక్క అక్షరానికి పోయాయి, కొన్నిచోట్ల రెండు పదాలు అతుక్కున్నాయి. మార్చాక మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి, అది కూడా ఫోన్‌లో పెట్టుకుని చూడాలి, మీరు కాకుండా వేరేవాళ్లు చూడాలి. రాసినవాడి కన్ను తన తప్పును దాటుకుని పోతుంది. సొంతంగా వేసుకున్న పుస్తకమంటే పాఠకుడు సగం అనుమానంతోనే తెరుస్తాడు. మొదటి పేజీలో రెండు తప్పులు కనపడితే ఆ అనుమానం రూఢి అయిపోయి, తర్వాత కథలో లోపాలు వెతుకుతూ చదువుతాడు.

స్టార్ల గురించి ఎక్కువ చెప్పను. పాఠకులు పుస్తకాలకు స్టార్లు వేసే గుడ్‌రీడ్స్ సైటులో మూడు స్టార్లంటే వాళ్ల లెక్కలో "నచ్చింది" అని, రెండంటే "ఫర్వాలేదు". మీరు మూడు చూసి ఏడుస్తున్నారు. చుట్టాల చేత అమెజాన్‌లో రివ్యూలు రాయించడం మాత్రం ఆపండి. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాయకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది, కనిపెడితే తీసేస్తారు. ఆన్‌లైన్ రివ్యూలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. అదంతా అటుంచినా, వరసగా ఒకే రోజు పడ్డ "సూపర్ అన్నా" రివ్యూలు చూసి తెలియని పాఠకుడు నవ్వుకుంటాడు. పైగా వాటి మధ్య ఆ సొరంగం మాట మీకే కనపడకుండా పోయింది.

జవాబులు వద్దని ఎందుకన్నానంటే, రచయిత వచ్చి వివరించిన చోట మిగతా పాఠకులు నోరు మూసుకుంటారు. తర్వాత వచ్చేవన్నీ మర్యాద మాటలే. తప్పు పట్టుకున్నాయన మీకు నేరుగా రాసి ఉంటే "దిద్దుతున్నాను, థాంక్స్ అండీ" అని ఒక్క ముక్క పెట్టండి. అందరి ముందూ మాత్రం వద్దు.

పనుల వరస కూడా చెబుతాను. ఈ-బుక్ ఫైలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి ముందు ప్రూఫు, సొరంగం, స్టేషన్, లిఫ్టు. అచ్చులో మిగిలిన కాపీలను పారేయకండి. పాత పుస్తకాల్లో ఉండే తప్పొప్పుల పట్టికలాగా ఒక చీటీ పెట్టి అమ్మండి. దాన్ని కూడా జిన్ను రాసినట్టు సరదాగా రాస్తే కొందరు ఆ చీటీ కోసమే కొంటారు. కొత్త అట్ట తర్వాతి అచ్చుకు. ఈసారి డిజిటల్ ప్రింటింగ్‌లో తక్కువ కాపీలే వేయించండి.

రెండో భాగం సంగతి. మీరు పంపిన అభిప్రాయాల చివర్లో ముగ్గురు వేర్వేరుగా ఒకే ప్రశ్న అడిగారు, మీరు గమనించలేదేమో. అఫ్జల్‌గంజ్‌లో పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఆ తర్వాత ఏమయ్యాడని. జిన్ను ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. నేనైతే రెండో భాగం ఆ ముసలాయన దుకాణం షట్టర్ ఎత్తడంతో మొదలుపెడతాను.